జాబితాలో పేరు, చేతిలో ఓటు: నగరపాలక ఎన్నికలకు ముందు చేయవలసిన పని
(హైదరాబాద్ నల్లకుంటలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, కాలనీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పరీక్షలు దగ్గర పడుతున్నా ఈ ఆదివారం ఉదయం ఇక్కడికి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ ఎన్నికలు వచ్చినా పోలింగ్ విధులకు ఉత్తర్వులు అందేవి, వెళ్లేవాడిని. ఆ అనుభవంలో నన్ను ఇప్పటికీ వెంటాడే సంగతి ఒకటుంది. ఒక నగరపాలక ఎన్నికలో నేను ప్రిసైడింగ్ అధికారిగా ఉన్న కేంద్రానికి మధ్యాహ్నం మూడు గంటల వేళ డెబ్బై ఏళ్లు దాటిన ఒక అమ్మ మనవడి చేయి పట్టుకుని వచ్చింది. పాలిథిన్ సంచిలో భద్రంగా చుట్టిపెట్టుకున్న ఓటరు గుర్తింపు కార్డును తీసి బల్ల మీద పెట్టింది. మా సిబ్బంది జాబితాను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు రెండుసార్లు వెతికినా ఆమె పేరు కనిపించలేదు. ఆమె నాలుగేళ్ల కిందటే వేరే బస్తీ నుంచి ఈ ప్రాంతానికి ఇల్లు మారింది, పాత చిరునామాలో ఆమె పేరును తొలగించారు, కొత్త చిరునామాలో చేర్చమని ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. "కార్డు ఉంది కదా నాయనా, ఇంకేం కావాలి?" అని ఆమె అడిగితే చట్టం చెప్పడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ అమ్మ ఓటు ఆ రోజు పోలేదు. అంతకు ఎన్నో నెలల ముందే, ఎవరూ గమనించని ఒక మామూలు రోజున పోయింది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ మామూలు రోజుల గురించే.

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. గుర్తింపు కార్డు ఓటు హక్కు పత్రం కాదు, అది మీరు ఫలానా వ్యక్తి అని నిరూపించే కాగితం మాత్రమే. ఓటు వేసే అర్హతను ఇచ్చేది ఓటర్ల జాబితాలో ఉన్న పేరు. జాబితాలో పేరుండి కార్డు పోయినవారు ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు వంటి వాటిలో ఎన్నికల సంఘం అనుమతించిన దేనినైనా చూపించి ఓటు వేయవచ్చు. కార్డు ఉండి జాబితాలో పేరు లేనివారు మాత్రం వేయలేరు. మన ఇళ్లలో బీరువాలో కార్డు ఉంటే చాలు, ఓటు ఉన్నట్టే అనుకునేవారు చాలామంది. ఈ ఒక్క భ్రమ వల్ల పోయే ఓట్లు సోమరితనం వల్ల పోయే వాటికన్నా తక్కువేమీ కావని నా అనుభవం.

ఇక ఆ జాబితాను ఎవరు తయారు చేస్తారు? ఇక్కడ రెండు వేర్వేరు వ్యవస్థలున్నాయి. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలను రాజ్యాంగంలోని 324వ అధికరణ కింద భారత ఎన్నికల సంఘం నిర్వహిస్తుంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ తరువాత పురపాలక ఎన్నికల బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది. ఎన్నికలు జరిపేది రాష్ట్ర సంఘమైనా, దానికి పునాది మాత్రం భారత ఎన్నికల సంఘం తయారుచేసిన శాసనసభ నియోజకవర్గ జాబితాయే. మన అంబర్‌పేట నియోజకవర్గం జాబితాలోని పేర్లనే డివిజన్ల వారీగా, అంటే ఒక్కో కార్పొరేటరును ఎన్నుకునే ప్రాంతాల వారీగా, విడదీసి నగరపాలక ఎన్నికల జాబితాను సిద్ధం చేస్తారు. అందువల్ల ముసాయిదా డివిజన్ జాబితా ప్రకటించినప్పుడు, "నా పేరు పొరపాటున పక్క డివిజన్‌లో పడింది" అంటే అక్కడ సరిచేస్తారు. "నా పేరు అసలు ఎక్కడా లేదు" అంటే ఆ దశలో వారు చేర్చలేరు, ముందు శాసనసభ జాబితాలోకి ఎక్కి రావలసిందే. కాబట్టి నగరపాలక ఎన్నికల ప్రకటన వచ్చాక నమోదు చేసుకుందామని కూర్చోవడం రైలు కూత విన్నాక స్టేషనుకు బయలుదేరడం వంటిది.

దరఖాస్తు పెట్టిన మర్నాడే పేరు ఎక్కదు. దరఖాస్తును అందరికీ తెలిసేలా ప్రకటించి, అభ్యంతరాలకు వారం రోజుల గడువిచ్చి, బూత్ స్థాయి అధికారి, అంటే మనం బీఎల్‌వో అని పిలిచే వ్యక్తి, ఇంటికి వచ్చి విచారించిన తరువాతే నిర్ణయం వెలువడుతుంది. బీఎల్‌వో వచ్చినప్పుడు తలుపు తాళం వేసి ఉంటే ఆ విచారణ ఆగిపోతుంది. బీఎల్‌వోల్లో చాలామంది అంగన్‌వాడీ టీచర్లు, కింది స్థాయి ప్రభుత్వ ఉద్యోగులు. తమ పనితో పాటు ఈ పనినీ మోస్తూ మెట్లెక్కి వచ్చేవారు. అపార్ట్‌మెంట్లలో కాపలాదారు వారిని గేటు దగ్గరే ఆపేసి "సార్‌వాళ్లు లేరు" అని పంపివేయడం నేను కళ్లారా చూశాను. ఈ సభకు వచ్చిన అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులను నేను వేడుకునేది ఒకటే: వారిని లోపలికి పిలిచి, ఒక కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఫ్లాట్ల వారీగా ఎవరున్నారో, ఎవరు వెళ్లిపోయారో చెప్పండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మీ ఓటు ఎక్కడ ఉండాలి? హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగినవారు తక్కువ. మనలో సగం మందికి నల్లగొండలోనో, కరీంనగర్‌లోనో, పాలమూరులోనో, గోదావరి జిల్లాల్లోనో సొంతూరు ఉంది. 2025 డిసెంబరులో తెలంగాణలో గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు మన వీధిలో నుంచే ఎన్ని కుటుంబాలు ఊరికి బయలుదేరాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఊరితో ఉన్న ఆ బంధాన్ని నేను తక్కువ చేయను. అక్కడ పొలం ఉంది, అమ్మానాన్నల ఇల్లు ఉంది, సర్పంచిగా నిలబడింది మన బాబాయి కొడుకో, మేనమామో అయి ఉంటాడు. అయితే చట్టం అడిగేది ఆస్తి ఎక్కడుందని కాదు, మామూలుగా నివసించేది ఎక్కడని. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఒక నియోజకవర్గంలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కారు. అదే చట్టంలోని 17వ సెక్షన్ ఒకటికి మించి నియోజకవర్గాల్లో పేరు నమోదు కాకూడదని చెబుతుంది. తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఊళ్లో ఒకటి, పట్నంలో ఒకటి ఉంచుకుని, వీలును బట్టి ఏదో ఒకటి వేద్దామనుకోవడం తప్పు.

దీనికి నా తీర్పు నేను నిర్మొహమాటంగా చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా సరే. మీ ఇంటి ముందు చెత్త బండి రాకపోతే మీరు ఊరి సర్పంచికి ఫోను చేయరు. వీధి దీపం వెలగకపోతే, కుక్కలు పిల్లల్ని తరిమితే, దోమల మందు కొట్టే మనిషి రాకపోతే, ఇంటి పన్ను లెక్క తప్పితే బల్దియా, అంటే నగరపాలక సంస్థ, కార్యాలయానికే వెళ్తారు. 2020 అక్టోబరులో కురిసిన వానలకు హుస్సేన్‌సాగర్ నాలా పొంగి నాగమయ్యకుంట, పద్మా కాలనీ ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మన బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు ఎక్కడ తడిశాయి? మనం బతుకుతున్నది ఇక్కడ. సంవత్సరంలో మూడు వందల రోజులకు పైగా ఏ వీధిలో నడుస్తామో ఆ వీధికి ఓటు ఉండాలని నేను నమ్ముతాను. నేను కూడా ఈ నగరానికి వచ్చిన చాలాకాలం వరకు వరంగల్ జాబితాలోనే పేరు ఉంచుకున్నాను. పౌరశాస్త్రం పాఠం చెప్పే మనిషి ఆ పని చేసి ఉండకూడదు. ఆ తరువాత మార్చుకున్నాను.

ఆ వానల తరువాత ఏడు వారాలకే, 2020 డిసెంబరు 1న, నగరపాలక ఎన్నికలు జరిగాయి. నీళ్లలో మునిగిన నగరం పోలింగ్ కేంద్రాలకు పోటెత్తుతుందని నేను అనుకున్నాను. పోలయినవి దాదాపు 46 శాతం మాత్రమే. 2016 ఫిబ్రవరిలో సుమారు 45, గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడిన తరువాత తొలిసారి 2009 నవంబరులో జరిగినప్పుడు సుమారు 42 శాతం. 2020 జాబితాలో 74 లక్షలకు పైగా పేర్లున్నాయంటే దాదాపు 40 లక్షల ఓట్లు పడలేదన్న మాట. పత్రికల్లో ఈ అంకెలు రాగానే నగరవాసులకు బాధ్యత లేదని అందరూ తిట్టిపోస్తారు. అందులో నిజం కొంత ఉంది, కానీ మొత్తం నిజం అది కాదు. నేను పోలింగ్ రోజున చేతిలో పట్టుకున్న జాబితాల్లో చనిపోయినవారి పేర్లు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన అద్దెదారుల పేర్లు, ఊళ్లోనూ ఇక్కడా రెండుచోట్లా ఉన్న పేర్లు తరచుగా కనిపించేవి. రాని వాళ్లు కొందరైతే, అసలు ఇక్కడ లేని వాళ్లు కొందరు. ఆ లేనివారి పేర్లు అంకెను చెడగొట్టడమే గాక దొంగ ఓట్లకు దారి తెరుస్తాయి. అందువల్ల మన పేరు చేర్చుకోవడం ఎంత ముఖ్యమో, మన ఇంట్లో చనిపోయినవారి పేరును తీయించడం అంత ముఖ్యం. నాన్నగారి పేరును జాబితా నుంచి తొలగించమని రాయడానికి చేయి ఆడదని నాకు తెలుసు, నేనూ రెండేళ్లు వాయిదా వేశాను. కానీ ఆ పేరు మీద మరొకరు ఓటు వేస్తే అది ఆయనకు జరిగే అవమానం. దానికి ఫారం 7 ఉంది.

ఫారాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇవి ఎవరు అడిగినా చెప్పగలిగినవే. ఎక్కడా పేరు లేని కొత్త ఓటరుకు ఫారం 6. ఇల్లు మారినా, పేరు, వయసు, ఫొటోలో తప్పులున్నా, కార్డు పోయినా ఫారం 8 సరిపోతుంది; 2022 నుంచి వేరే నియోజకవర్గానికి మారినవారు కూడా ఫారం 8 మీదే దరఖాస్తు చేయాలి. ఊరి నుంచి పట్నానికి ఓటు మార్చుకునేవారు కొత్త ఓటరులా ఫారం 6 నింపితే రెండుచోట్లా పేరు మిగిలిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఫారం 8 నింపండి. ఓటర్ల సేవల పోర్టల్‌లో గాని, ఎన్నికల సంఘం యాప్‌లో గాని, బీఎల్‌వో చేతికి గాని ఇవ్వవచ్చు. సందేహాలకు 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. దరఖాస్తు సంఖ్యను రాసి పెట్టుకోండి, అది లేకపోతే తరువాత అడగడానికి ఆధారం ఉండదు. తిరస్కరిస్తే ఊరుకోనక్కర లేదు, 15 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

విద్యార్థులారా, ఇది మీ కోసం. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ 1989లో వచ్చింది. ఆ మార్పు వచ్చాక కూడా చాలాకాలం జనవరి 1 నాటికి 18 నిండకపోతే మరో ఏడాది ఆగవలసి వచ్చేది. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు అర్హత తేదీలు వచ్చాయి. 17 ఏళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండి చదువుకునేవారు ఇంటి దగ్గరైనా, హాస్టల్ చిరునామాలోనైనా, ఏదో ఒక్క చోట నమోదు కావచ్చు. పదో తరగతి మెమోలో ఉన్న పుట్టిన తేదీయే దరఖాస్తులో రాయండి. ఆధార్‌లో ఒకటి, మెమోలో ఒకటి ఉంటే ముందు దానిని సరిచేయించుకోండి.

కోడళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఇంట్లోనే పెళ్లయి మూడేళ్లయినా మా కోడలి ఓటు పుట్టింటి చిరునామాలోనే ఉండిపోయింది. గ్యాసు, రేషను, బ్యాంకు అన్నీ మార్చాము, ఇది ఒక్కటి ఎవరికీ తట్టలేదు. నగరంలో సగం డివిజన్లు మహిళలకు కేటాయించిన ఎన్నికల్లో, కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లల ఓట్లు వాళ్లు ఇక నివసించని వీధుల్లో ఉండిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఈ సాయంత్రమే ఇంట్లో అడగండి.

అద్దెకు ఉండేవారి చిక్కు వేరు. రిజిస్టరైన అద్దె ఒప్పందం ఎక్కువమందికి ఉండదు, కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంటుంది. కాగితం లేదన్నంత మాత్రాన హక్కు లేకుండా పోదు. బీఎల్‌వో స్వయంగా విచారించి మీరు అక్కడ ఉంటున్నారని నిర్ధారించుకోవచ్చు. ఇల్లే లేక ఫుట్‌పాత్ మీద పడుకునేవారికి కూడా ఓటు ఉంది. వారు చెప్పిన చోటికి అధికారి రాత్రివేళ వెళ్లి, నిజంగా అక్కడ పడుకుంటున్నారని చూసి పేరు చేర్చాలని నియమం. ఇంటి యజమానులకు నా విజ్ఞప్తి: అద్దెకున్నవారు ఓటు నమోదు చేసుకుంటే ఇల్లు ఖాళీ చేయరేమోనన్న భయం అనవసరం. ఓటర్ల జాబితాలో పేరు ఇంటి మీద ఏ హక్కునూ ఇవ్వదు.

పేరు వెతికేటప్పుడు మన నగరపు ఇంటి నంబర్ల తంటా ఒకటుంది. రెండు అడ్డగీతల మధ్య వార్డు, బ్లాకు, ఇల్లు, ఆపైన బై నంబర్లతో సాగే ఈ పాత పద్ధతిలో ఒక్క అంకె తారుమారైతే భార్య పేరు ఒక పోలింగ్ కేంద్రంలో, భర్త పేరు మరో కేంద్రంలో పడుతుంది. ఒకే ఇంట్లోని నలుగురు మూడు కేంద్రాలకు వెళ్లిన సందర్భాలు నేను చూశాను. అందుకే ఇంటి పెద్ద పేరు కనిపించగానే తృప్తిపడి ఆగిపోకుండా ఇంట్లోని ప్రతి ఒక్కరి పేరు విడివిడిగా చూసుకోవాలి. పేరుతో వెతికితే తెలుగు, ఇంగ్లిషు అక్షరాల తేడాల వల్ల దొరకకపోవచ్చు. కార్డు మీది సంఖ్యతో వెతికితే తేలిక. ఉమ్మడి రాష్ట్రం నాటి పొడవాటి సంఖ్యల కార్డులు ఇంకా వాడుతున్నవారు ప్రస్తుత సంఖ్యను తెలుసుకుని రాసి పెట్టుకోండి.

గత ఎన్నికల్లో వేసిన చోటే ఈసారీ వేస్తామనుకోవద్దు. 2007లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్‌ను ఏర్పాటు చేశారు. 2009, 2016, 2020 ఎన్నికలు 150 డివిజన్లతో జరిగాయి. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలను విలీనం చేసి డివిజన్లను కొత్తగా విభజించారు. సరిహద్దు మీ వీధి మధ్యలో నుంచి పోయి ఉండవచ్చు. కంటోన్మెంటులో ఉన్న మన బంధువులకు మరో మాట చెప్పండి: సికింద్రాబాద్ కంటోన్మెంటు నగరపాలక సంస్థలో భాగం కాదు, దాని బోర్డు వేరు.

పేరు ఉందని తేలాక సగం పనే అయింది. ఎవరికి వేయాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. ఏం చూడాలో చెబుతాను. పోటీ చేసేవారు తమ ఆస్తులు, అప్పులు, చదువు, తమ మీద ఉన్న క్రిమినల్ కేసుల వివరాలతో ప్రమాణ పత్రం ఇవ్వాలి. అది రహస్య పత్రం కాదు, అడిగి చదవండి. అభ్యర్థి గుమ్మం ముందుకు వచ్చినప్పుడు మంచినీటి పైపు గురించి అడిగితే అది జలమండలి పని, కరెంటు గురించి అడిగితే అది విద్యుత్ పంపిణీ సంస్థ పని. నాలా పూడిక, చెత్త, గల్లీ రోడ్డు, పార్కు, శ్మశానవాటిక, వీధి దీపాలు, భవన నిర్మాణ అనుమతులు: ఇవి అడగవలసినవి. మేయరును మనం నేరుగా ఎన్నుకోము. కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే వేరే పదవి రీత్యా సభ్యులయ్యేవారు, కలిసి ఎన్నుకుంటారు. 2002లో ఒకసారి ఈ నగరం మేయరును నేరుగా ఎన్నుకున్నది. అంతకు ముందు ఎన్నికలు జరిగింది 1986లో. ఆ రెండు ఎన్నికల మధ్యకాలంలో ఏళ్ల తరబడి ఎన్నికైన పాలకమండలి లేకుండా అధికారులే నగరాన్ని నడిపారు. ఇక్కడున్న పెద్దలు ఆ రోజులు చూశారు, గల్లీ సమస్య చెప్పుకోవడానికి మనిషి లేని రోజులవి. పాలకమండలికి ఐదేళ్ల గడువు, ఆ గడువు తీరకముందే ఎన్నికలు జరపాలన్న నియమం రాజ్యాంగంలోకి ఎక్కింది ఇటువంటి అనుభవాల వల్లే.

పోలింగ్ రోజు సంగతి. సెలవు ఇచ్చారు కదా అని రాత్రి బస్సెక్కకండి, ఉదయమే వెళ్లండి. ఇంటికి వచ్చే ఓటరు చీటీ దారి చూపిస్తుంది, అది గుర్తింపు పత్రం కాదు. ఫోను లోపలికి తీసుకువెళ్లనివ్వరు. గుర్తును, పేరును రెండింటినీ చూసి వేయండి. 2020లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో బ్యాలెట్ పత్రం మీద సీపీఐ అభ్యర్థి పేరు ఎదుట సీపీఎం గుర్తు అచ్చయినందువల్ల పోలింగ్ నిలిపివేసి డిసెంబరు 3న మళ్లీ జరపవలసి వచ్చింది. కరోనా వల్ల ఆ ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతో జరిగాయి. బ్యాలెట్ అయితే ముద్ర ఒకే గడిలో పడాలి, సిరా ఇంకో గుర్తుకు అంటకుండా మడవాలి. మీరు వెళ్లేసరికే మీ పేరు మీద ఎవరో ఓటు వేసి ఉంటే కోపంతో తిరిగి రాకండి. ప్రిసైడింగ్ అధికారికి గుర్తింపు పత్రం చూపించి టెండర్డ్ ఓటు ఇవ్వమని అడగండి, అది మీ హక్కు. చూపు లేనివారు సహాయకుని తీసుకుపోవచ్చు. డివిజన్ ఎన్నికల్లో తేడాలు చాలా చిన్నవి; వంద ఓట్లలోపే గెలుపోటములు తేలిన డివిజన్లు మనం చూశాం. వంద ఓట్లంటే ఒక పెద్ద అపార్ట్‌మెంటు.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే ఇప్పుడు చేయవలసిన పని ఈ బల్ల మీదే ఉంది. మన వీధులకు సంబంధించిన జాబితా ప్రతులను సంఘంవారు అచ్చు తీయించి తెచ్చారు. ఫారం 6, ఫారం 7, ఫారం 8 ఆ కుర్చీలో ఉన్న అమ్మాయి దగ్గర ఉన్నాయి. కళ్లద్దాలు మరిచిపోయినవారికి నేను చదివి పెడతాను. ముందు వరుసలోని పెద్దలు మొదట రండి, ఇంటి నంబరు చెప్పండి.